గేటు నుంచి గడప దాకా

ఇల్లు కట్టేటప్పుడు చాలామంది గేటు నుంచి గడప దాకా వచ్చే నడకదారిని ఆఖరి వారానికి వదిలేస్తారు. గృహప్రవేశం దగ్గరపడుతుంది. షామియానా వాళ్ళు గుంజలు పాతడానికి వచ్చి నిలబడతారు. అప్పుడు మేస్త్రిని పిలిచి, "ఆ మిగిలిన కంకరా ఇసుకా కలిపి ఇక్కడ ఇంత పరిచెయ్యవయ్యా" అంటారు. శ్లాబుకి పోగా మిగిలిన కంకర, ప్లాస్టరింగుకి జల్లెడ పట్టగా మిగిలిన ముతక ఇసుక, గోడకి ఆనించి పెట్టడంతో తేమ తగిలి ఉండకట్టిన సిమెంటు బస్తా. వాటితో వేసిన దారి రెండు వానాకాలాలకే విరుగుతుంది. ఒక ముక్క లేస్తుంది, పక్క ముక్క కుంగుతుంది, రెంటి మధ్య అంగుళం ఎత్తు మెట్టు పడుతుంది. ఇంట్లో వయసు పైబడినవాళ్ళ కాలికి తగిలేది సరిగ్గా ఆ అంగుళమే.

నేను పంచాయతీరాజ్ పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పాతికేళ్ళకు పైగా తిరిగినవాణ్ణి. ఊళ్ళలో వేసిన సిమెంటు రోడ్లు, కాలవలు, అంగన్‌వాడీ భవనాల అరుగులు కళ్ళముందే లేచాయి. వాటిలో ఇరవై ఏళ్ళుగా చెక్కుచెదరనివి ఉన్నాయి, మూడో ఏటికే కంకర పైకి తేలినవీ ఉన్నాయి. రిటైరయ్యాక తెనాలి దగ్గర మా ఊళ్ళో నాన్నగారు కట్టించిన పెంకుటింటికి వచ్చి ఉంటున్నాను. అమ్మకు ఎనభై దాటాయి, చేతికర్ర లేకుండా నడవలేదు. వానాకాలంలో గేటు దాకా వెళ్ళడమే మానేసింది. దారి వేయిస్తానమ్మా, ఎలా ఉండాలి అంటే, "కర్ర జారకూడదురా నాయనా, ఇంకేమొద్దు" అంది. ఆ మాటకు తగ్గట్టు దారి ఎలా వేయించామో, ప్రతి పనికీ కారణం ఏమిటో ఈ వ్యాసంలో చెబుతాను. సొంతంగా వేసుకునేవాళ్ళకీ, మేస్త్రి చేత వేయించుకునేవాళ్ళకీ పనికొస్తుంది.

ముందు కొలతలు. గేటు నుంచి వరండా దాకా మా ఇంట్లో 40 అడుగులు. వెడల్పు 4 అడుగులు పెట్టాం. మూడడుగులు చాలు కదా అంటారు. ఒక మనిషి నడవడానికి చాలు. కర్రతో నడిచే పెద్దమనిషిని పక్కన ఇంకొకరు పట్టుకుని నడిపించాలంటే చాలదు, రేపు చక్రాల కుర్చీ అవసరమైతే అసలే చాలదు. దారి ఉపరితలం పెరటి నేలకంటే రెండంగుళాలు ఎత్తుగా ఉండాలి, లేకపోతే వాన పడగానే బురదంతా దాని మీదికి చేరుతుంది. దారి పైనుంచి మా వరండా ఆరంగుళాలు ఎత్తు. మెట్టు కట్టకుండా వాలు ఇచ్చాం. చక్రాల కుర్చీ వెళ్ళే వాలుకి చాలా చోట్ల పాటించే లెక్క ఒకటికి పన్నెండు. అంటే ఆరంగుళాల ఎత్తుకి కనీసం ఆరడుగుల పొడవు కావాలి. మేం ఎనిమిది అడుగులు ఇచ్చాం, పెద్దవాళ్ళ మోకాళ్ళకి ఇంకాస్త సుఖం.

అసలు పని నేలలో మొదలవుతుంది. మా ఊరి నేల నల్లరేగడి. వానాకాలంలో అడుగు తీసి అడుగు వేసేసరికి చెప్పుల నిండా మట్టి అంటుకుంటుంది, ఎండాకాలంలో చెయ్యి దూరేటంత నెర్రెలు విచ్చుతుంది. ఈ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని నిర్మాణం పలచని పొరల దొంతర. తడి తగిలితే నీళ్ళు ఆ పొరల మధ్యకి చేరి మట్టి పొంగుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పత్తికీ మిరపకీ ఎంత మంచి నేలో, కట్టడాలకి అంత పేచీకోరు. లోతైన పునాదుల మీద నిలబడే ఇల్లు ఈ కదలికను చాలావరకు తట్టుకుంటుంది. నడకదారికి పునాది ఉండదు. నేల మీద పడుకుని ఉంటుంది కాబట్టి నేల ఎటు కదిలితే అదీ అటు కదులుతుంది.

నల్లనేల మీద వేసిన దారులు తరచుగా పొడవునా నడిమధ్యలో ఎందుకు పగులుతాయో గమనించారా? కాంక్రీటు కింద మధ్యభాగంలో ఉన్న మట్టికి ఎండ తగలదు, అక్కడి తేమ ఏడాది పొడుగునా ఒక్కలాగే ఉంటుంది. అంచుల కింద మట్టి వానకు పొంగుతుంది, ఎండకు దిగుతుంది. మధ్య కదలదు, అంచులు రెండూ కదులుతాయి. దారి నడుం విరిగేది అందుకే. బస్తాకు బస్తా సిమెంటు పెంచినా ఈ పగులు ఆగదు. దీనికి మందు కిందనే వెయ్యాలి.

మేం అడుగు లోతు తవ్వి ఆ నల్లమట్టిని కొబ్బరిచెట్ల పాదులకు తరలించాం. తవ్వకం వెడల్పు దారికంటే అటూ ఇటూ అరడుగు ఎక్కువ, మొత్తం 5 అడుగులు. అలా చేస్తే పొంగే మట్టి అంచుకి కొంచెం దూరం జరుగుతుంది. ఆ గుంటలో పది అంగుళాల మందాన ఎర్ర గ్రావెల్ నింపాం. తెలంగాణలో మొరం అంటారు. దిమ్మిస వేస్తే దిగిపోతుంది కాబట్టి 40 అడుగుల దారికి 200 ఘనపుటడుగుల గ్రావెల్ పట్టింది. నల్లరేగడి మీద పొంగని ఎర్రమట్టిని పరుపుగా వేసి పైకట్టడాన్ని కాపాడే పద్ధతిని మన దేశంలో శాస్త్రీయంగా నిలబెట్టినవారు బొంబాయి ఐఐటీ ఆచార్యులు ఆర్.కె. కట్టి. నల్లనేలల్లో కాలవల లైనింగు కింద ఈ పద్ధతి వాడారు. కాలవకి పనికొచ్చిన సూత్రం ఇంటి దారికీ పనికొస్తుంది.

గ్రావెల్ బదులు ఇసుక నింపుదాం, చదునుగా వస్తుంది అని కొందరు మేస్త్రీలు అంటారు. నల్లనేలలో ఆ పని చేయనివ్వకండి. చుట్టూ నీరింకని నల్లమట్టి, మధ్యలో ఇసుక గుంట. వాన నీళ్ళన్నీ అక్కడ చేరి నిలిచి, అడుగున ఉన్న మట్టికి రోజుల తరబడి తాగిస్తాయి. మీరు ఏ పొంగును ఆపాలనుకున్నారో దాన్నే పెంచినట్టవుతుంది. కాస్త బంకగుణం ఉండి, దిమ్మిస వేస్తే గట్టిపడే గ్రావెలే సరైనది. రాయలసీమలోనో తెలంగాణలోనో గట్టి ఎర్రనేలల మీద ఇంత తవ్వనక్కర్లేదు. పైన ఉన్న చెత్తమట్టి, వేళ్ళు తీసేసి నాలుగంగుళాల మొరం వేస్తే సరిపోతుంది.

గ్రావెల్‌ని ఒక్కసారే నింపేసి పైన దిమ్మిస వేస్తే పైపొర ఒక్కటే గట్టిపడుతుంది, అడుగు గుల్లగానే ఉంటుంది. మూడు నాలుగంగుళాల చొప్పున పోసి, తడిపి, ఒక్కో వరస విడిగా గట్టిపరచాలి. తడి ఎంత ఉండాలో గుప్పిటతో తెలుసుకోవచ్చు. పిడికెడు గ్రావెల్ తీసి నొక్కితే ముద్దకట్టాలి, అరచెయ్యి తడవకూడదు. మా పనిలో దిమ్మిస వేసిన ఇద్దరు కుర్రాళ్ళు మొదటి వరసకే అలిసిపోయారు. వాళ్ళకి ఇంకో పూట కూలి ఇచ్చి మిగతా వరసలు అంతే శ్రద్ధగా వేయించాను. నడకదారి మీద మీరు పెట్టే డబ్బులో అన్నిటికంటే ఎక్కువకాలం పనిచేసేది ఈ పూట కూలే. గ్రావెల్ వెయ్యడం పూర్తయ్యాక దాని మీద ప్లాస్టిక్ పట్టా పరిచాం, కాంక్రీటులోని నీళ్ళను ఎండిన గ్రావెల్ పీల్చెయ్యకుండా. పట్టా లేకపోతే గ్రావెల్‌ని ముందు బాగా తడపండి, నీళ్ళు మాత్రం నిలవనివ్వకండి.

ఇక సరుకు. మందం నాలుగంగుళాలు, పాళ్ళు ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. దీన్నే ఎమ్20 అంటారు. 40 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం అంటే 53 ఘనపుటడుగుల కాంక్రీటు. దానికి వృథాతో కలిపి 13 బస్తాల సిమెంటు, 25 ఘనపుటడుగుల ఇసుక, 50 ఘనపుటడుగుల కంకర పట్టాయి. కంకర ముప్పావు అంగుళం దాటకూడదు. కొలత దగ్గరే చాలా పనులు పాడవుతాయి. తట్టతో కొలిస్తే ఒక తట్ట గుట్టగా వస్తుంది, ఒకటి వెలితిగా వస్తుంది, సాయంత్రమయ్యేసరికి అన్నీ వెలితిగానే వస్తాయి. 35 లీటర్లు పట్టే చెక్కపెట్టె ఒకటి చేయించండి. 50 కిలోల సిమెంటు బస్తా పరిమాణం దాదాపు అంతే. బస్తాకి ఒకటిన్నర పెట్టెల ఇసుక, మూడు పెట్టెల కంకర. ఎవరు కొలిచినా లెక్క తప్పదు.

సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మూడు నెలలు దాటినది తీసుకోకండి, గాలిలోని తేమకే దాని బలం తగ్గుతూ వస్తుంది. ఇసుకలో మట్టి ఎంతుందో చూడటానికి గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, నీళ్ళు నింపి, బాగా కుదిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, దాని పైన మెత్తని మట్టి పొర తేరుకుంటాయి. ఆ పొర ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే ఆ ఇసుక కడిగి వాడాలి, లేదా మార్చాలి. రోబో శాండ్ వాడుకోవచ్చు, అందులో క్రషర్ డస్ట్ కలిపి అమ్ముతున్నారేమో చూసుకోవాలి. నీళ్ళ విషయంలో ఒకటే సూత్రం, మీరు తాగగలిగిన నీళ్ళయితే కాంక్రీటుకీ పనికొస్తాయి. తీరప్రాంతంలో ఉప్పు బోరు నీళ్ళతో కలపకండి.

నీళ్ళు ఎంత పొయ్యాలన్న దగ్గర మా మేస్త్రికీ నాకూ కాసేపు వాదం నడిచింది. ఆయన మంచి పనివాడు, గోడ కడితే తూకం గుండుకి వెంట్రుక తేడా ఉండదు. "నీళ్ళు ఇంత తక్కువైతే మాలు పారదండీ, పిల్లలు లాగలేరు" అన్నాడు. "పారాల్సింది కాలవలో నీళ్ళయ్యా, కాంక్రీటు కాదు. కాస్త కష్టమైనా పారలతో లాగించు, ఇంకో మనిషిని పిలుద్దాం" అన్నాను. పెయింటు డబ్బా 20 లీటర్లది తీసుకుని బస్తాకి డబ్బాన్నర నీళ్ళు కొలిచి పెట్టాను. ఎమ్20 పాళ్ళకి మన ఐఎస్ 456 ప్రమాణం చెప్పే గరిష్ఠ కొలత బస్తాకి 30 లీటర్లు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి, ఎందుకంటే ఆ తడి కూడా నీళ్ళే.

ఈ పట్టుదలకి కారణం ఉంది. షికాగోలో డఫ్ ఏబ్రమ్స్ అనే ఇంజనీరు ఎన్నో కాంక్రీటు దిమ్మల్ని పగలగొట్టి చూసి 1918లో ఒక సూత్రం ప్రకటించాడు. సిమెంటుతో పోలిస్తే నీళ్ళు పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుంది. వందేళ్ళు దాటినా ఆ సూత్రం చెక్కుచెదరలేదు. సిమెంటు తనతో కలుపుకోగలిగిన నీళ్ళు కొన్నే. మిగిలినవి ఆవిరైపోతూ తమ చోట ఖాళీలు వదిలి వెళతాయి, దోసె మీద చిల్లులు పడ్డట్టు. అవి కంటికి కనిపించనంత సన్నవి. వాన నీళ్ళు వాటిలోంచే లోపలికి దిగుతాయి, పైపొర అక్కడినుంచే రాలుతుంది. కలిపిన మాలుని అరగంటలో వాడెయ్యాలి. బిగుసుకుంటున్న మాలు మీద మళ్ళీ నీళ్ళు చిలకరించి మెత్తబరచడం ఏ పనిలో చూసినా నేను ఆపించేవాణ్ణి. ఆ మాలుని పారెయ్యడమే నయం.

మొత్తం దారిని ఒకే పట్టున పొయ్యలేదు. నాలుగడుగుల చదరాలుగా పది పలకలు కట్టుకున్నాం. మొదటిరోజు ఒకటి విడిచి ఒకటి పోశాం, మర్నాడు పక్కచెక్కలు తీసి మిగతావి పోశాం. కాంక్రీటు గట్టిపడేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది, తప్పించలేం. కుంచించుకున్నప్పుడు ఎక్కడో ఒకచోట తెగాలి. అది ఎక్కడ తెగాలో మనమే ముందు నిర్ణయించి అతుకు పెడితే పగులు ఆ గీతలో దాక్కుంటుంది. పెట్టకపోతే తనకు నచ్చినచోట వంకరటింకరగా తెగుతుంది. పలకలు ఇంచుమించు చదరంగా ఉండాలి. పొడవు వెడల్పుకి ఒకటిన్నర రెట్లు దాటితే మధ్యలో విరగడానికి అవకాశమిచ్చినట్టే. అంతా ఒకేసారి పోసేవాళ్ళు పచ్చిగా ఉండగానే తాపీతో అంగుళం లోతు గీత దించాలి, మందంలో నాలుగోవంతు. పైపైన గోరుగీత గీస్తే అది అలంకారానికే. వరండా గోడకీ దారికీ మధ్య అరంగుళం సందు వదిలి తారుతో నింపాం. ఇంటినీ దారినీ కలిపి బిగిస్తే ఒకదాని కదలిక రెండోదాన్ని చీల్చేస్తుంది.

వాలు మర్చిపోకండి. నాలుగడుగుల వెడల్పులో ఒక పక్కకి అంగుళం వాలు చాలు. నీళ్ళు నిలవవు, నడిచే మనిషికి తెలియదు. పక్కచెక్కలు బిగించేటప్పుడే లెవల్ పైపుతో చూసి ఒక అంచు అంగుళం దించుకోవాలి. కాంక్రీటు పోశాక వాలు కోసం పైన మాలు పూత పూయడం పనికిరాదు, ఆ పూత ఏడాది తిరక్కుండా పొట్టు లేస్తుంది.

ఇనుము వెయ్యలేదు. బంధువులు చూసి, "ఇంత చేసి చువ్వలు వెయ్యకపోతే ఎలా?" అని అడిగారు. మనుషులు, సైకిళ్ళు, స్కూటర్లు తిరిగే దారికి అడుగు గట్టిగా ఉండి, పలకలు చిన్నవిగా ఉంటే చువ్వలతో పనిలేదు. కారు ఎక్కే చోటైతే మందం ఆరంగుళాలకు పెంచి జాలీ వేసుకోవచ్చు. వేస్తే దాని కింద కవర్ బ్లాకులు పెట్టాలి. జాలీని నేలమీద పరిచి పైన కాంక్రీటు పోసెయ్యడం ఎన్నోచోట్ల చూశాను. ఆ ఇనుము మట్టికి తగిలి తుప్పు పట్టి, ఉబ్బి, పైనున్న కాంక్రీటునే పగలగొడుతుంది. చువ్వలకు పెట్టే డబ్బు గ్రావెల్ మీద పెట్టమనే నేను ఎవరికైనా చెబుతాను.

పైపని దగ్గర అమ్మ కర్ర సంగతి వస్తుంది. కాంక్రీటు పోసి పట్టీతో చదును చేశాక కాసేపటికి పైకి నీళ్ళు తేలతాయి. ఆ నీళ్ళు ఇంకిపోయేదాకా ఆగాలి. ఆగే ఓపిక లేక పొడి సిమెంటు చల్లి, తాపీతో నున్నగా రుద్ది, అద్దంలా మెరిపించి చూపిస్తారు. చూడటానికి బాగుంటుంది. ఆ చల్లిన సిమెంటు కింది కాంక్రీటుతో కలవదు, పొరలు పొరలుగా లేస్తుంది. లేవకపోయినా వానాకాలంలో దానిమీద పాచి పడితే కర్రే కాదు, కుర్రవాడి కాలు కూడా నిలవదు. మేం నీళ్ళు ఇంకేదాకా చూసి, బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా మాత్రమే గుంటపడే దశలో చెక్కతో రుద్ది, కొబ్బరి ఈనెల చీపురుని దారికి అడ్డంగా ఒక్క దిశలో లాగాం. వాలు ఉన్న వైపుకే గీతలు ఉంటాయి కాబట్టి నీళ్ళు వాటిలోంచి జారిపోతాయి. కాంక్రీటు కలిపే మిల్లర్ అద్దెకీ యంత్రాలకీ ఎంతైనా పెట్టొచ్చు కానీ, కాలు జారకుండా కాపాడటంలో కొబ్బరి చీపురుని మించిన పనిముట్టు నేను చూడలేదు.

మా ఆవిడకి దీంతో ఒక అభ్యంతరం వచ్చింది. గీతలున్న చోట ముగ్గు సరిగా పడదు, ధనుర్మాసంలో ఎలా అంది. న్యాయమైన మాట. గేటు దగ్గర మొదటి పలకని చీపురు లాగకుండా చెక్కతో రుద్దించి వదిలేశాం. చెక్క రుద్దిన ఉపరితలం ఇసుక కాయితంలా కొంచెం గరుకుగా ఉంటుంది, ముగ్గు పిండి నిలుస్తుంది, కాలూ నిలుస్తుంది.

కాంక్రీటు బదులు బండలు పరిస్తే? బేతంచర్ల, తాండూరు, కడప బండలు మనకు దొరికే మంచి రాళ్ళే. ఇంట్లోకి చాలా హాయి. బయట ఎండకీ వానకీ పెట్టేటట్టయితే నునుపు పట్టించని గరుకు బండ అడగండి. పార్కింగ్ టైల్స్ వేసేవాళ్ళు కూడా కింద ఈ గ్రావెల్ పనంతా చెయ్యాల్సిందే. అడుగు వదులైతే పైన ఏది పరిచినా ఒకటే.

పెరడంతా సిమెంటు చేయించకండి. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. బురద పోతుందని, ఊడవటం సులువని గోడ నుంచి గోడ దాకా కాంక్రీటు పోయించే అలవాటు పల్లెల్లోకి కూడా వచ్చేసింది. వాన నీళ్ళు నేలలోకి ఇంకే దారి మూసుకుపోతుంది, రాత్రి పొద్దుపోయేదాకా ఆ సిమెంటు వేడి కక్కుతుంది, వేపచెట్టు మొదలు చుట్టూ బిగించేస్తే వేళ్ళకి నీరూ గాలీ అందవు. నడిచే నాలుగడుగులకి కాంక్రీటు వెయ్యండి. మిగతాది మట్టిగానే ఉండనివ్వండి. చెట్టు మొదలుకి కనీసం మూడు నాలుగు అడుగుల దూరంలో దారిని తిప్పండి.

పనిచేసే మనుషుల చేతుల గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. తడి సిమెంటుకి సబ్బుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ క్షారగుణం ఉంటుంది. అంటుకున్న వెంటనే మంట తెలియదు. గంటల తరబడి తగిలి ఉంటే చర్మం కాలుతుంది, వేళ్ళ సందులు పుండ్లు పడతాయి. మాలు తట్టలు మోసే ఆడవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో పచ్చి కాంక్రీటులో నిలబడతారు. ఇంటికెళ్ళి కొబ్బరినూనె రాసుకుంటారు, మర్నాడు మళ్ళీ వస్తారు. వాళ్ళు అడగరు, మనమే ఇవ్వాలి. ఒక్కొక్కరికి రబ్బరు గ్లౌజులు, గమ్‌బూట్లు కొనిపెట్టండి. మధ్యాహ్నం అన్నానికి కూర్చునే ముందు చేతులూ కాళ్ళూ శుభ్రంగా కడుక్కోవడానికి మంచినీళ్ళు పెట్టండి. కంట్లో పడితే రుద్దకుండా, పావుగంటకు తగ్గకుండా ధారగా నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మా పనికి వచ్చిన ఒకామె గ్లౌజులు తొడుక్కుంటూ, "పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నా బాబుగారూ, ఇవి ఇచ్చినవాళ్ళు లేరు" అంది. ఇంటి లెక్కలో వాటి ఖర్చు ఒక సిమెంటు బస్తాకి అటూ ఇటూ.

చివరగా క్యూరింగు, అంటే పోసిన కాంక్రీటుని తడిగా ఉంచడం. అది ఎందుకో తెలియాలంటే సిమెంటు ఎలా గట్టిపడుతుందో తెలియాలి. మన తాతలు డంగు సున్నంతో కట్టేవారు. ఎద్దుల గానుగలో ఇసుకా సున్నమూ రోజులకొద్దీ నూరేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని నెమ్మదిగా రాయవుతుంది. 1824లో ఇంగ్లండులోని లీడ్స్‌కి చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీపనివాడు పేటెంటు తీసుకున్న పోర్ట్‌లండ్ సిమెంటుతో కథ మారింది. ఇవాళ్టి సిమెంటు దాని వారసత్వమే. అది గట్టిపడేది ఆరడం వల్ల కాదు, నీళ్ళతో జరిగే రసాయన చర్య వల్ల. నీళ్ళు అందినంతకాలం ఆ చర్య సాగుతుంది, ఎండిపోతే ఆగిపోతుంది. ఏడు రోజులకి సుమారు మూడింట రెండు వంతుల బలం వస్తుంది, లెక్కకి తీసుకునే పూర్తి బలం 28 రోజులకి. పోసిన మూడోరోజే ఎండబెట్టేస్తే, మీరు 13 బస్తాల డబ్బిచ్చి చాలా తక్కువ బస్తాల బలం ఇంటికి తెచ్చుకున్నట్టు.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపు పట్టడంతో క్యూరింగు అయిపోదు. మధ్యాహ్నం ఎండకి ఆరిపోయి సాయంత్రం తడిసే కాంక్రీటు పైపొర సన్నటి నెరియలు పడుతుంది. తడి ఎప్పుడూ ఉండాలి. మేం పోసిన మర్నాటి నుంచి పలకల మీద వరిగడ్డి మందంగా పరిచి, పైన తడి గోనెసంచులు కప్పి ఉంచాం. గడ్డి నీడనిస్తుంది, తడిని పట్టి ఉంచుతుంది. కోళ్ళూ కుక్కలూ తొక్కకుండా మొదటి రాత్రి అటూ ఇటూ తుమ్మకంప అడ్డం వేశాం. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు, థర్మల్ కేంద్రాల బూడిద కలిసిన పీపీసీకి పది రోజులు తడిపి ఉంచాలని ఐఎస్ 456 చెబుతుంది. పొడి వేడి వాతావరణంలో అయితే పదీ, పద్నాలుగూ. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికేది పీపీసీనే, మన ఎండల సంగతి తెలిసిందే. కాబట్టి 14 రోజులని గుర్తుపెట్టుకోండి. మర్నాటి నుంచే జాగ్రత్తగా నడవొచ్చు, స్కూటరుకి వారం ఆగండి.

కూలీలు పోసి వెళ్ళిపోతారు. ఈ 14 రోజుల బాధ్యత ఇంటివాళ్ళదే. బయటి ఊళ్ళో ఉండి కట్టించుకునేవాళ్ళయితే నీళ్ళు పట్టడానికే ఒక మనిషిని మాట్లాడి, ఆ కూలి ముందే పక్కన పెట్టండి. మీ ఊళ్ళో ఎండాకాలం నీళ్ళకి కటకటగా ఉంటే అప్పుడు ఈ పని పెట్టుకోకండి. సంక్రాంతికి ముందు, చలి రోజుల్లో వెయ్యండి. బావిలోనూ నీళ్ళుంటాయి, ఎండా మెత్తగా ఉంటుంది. ముహూర్తం ముంచుకొస్తోందని ఎవరు తొందరపెట్టినా వినకండి. గృహప్రవేశానికి వచ్చే చుట్టాలు గ్రావెల్ మీద నడిచి వస్తారు, ఏమీ అనుకోరు.